క్రూజ్‌కి ముందు ఫ్లైట్ ఎప్పుడు దిగాలి? ఆరుగురం, మధ్యలో ఒక కనెక్షన్

మజిలీ (ప్రశ్న):

అందరికీ నమస్తే. ఆదివారం సాయంత్రం 4:30కి ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావెరల్ నుంచి మా షిప్ కదులుతుంది. ఏడు రాత్రుల క్రూజ్. మొత్తం ఆరుగురం: మేమిద్దరం, 9 ఏళ్ల పాప, 3 ఏళ్ల బాబు, అత్తయ్య, మామయ్య. మామయ్యకి మోకాళ్ల నొప్పులు, ఎయిర్‌పోర్టులో వీల్‌ఛైర్ తప్పదు. మేముండే చోటి నుంచి ఓర్లాండోకి నేరుగా ఫ్లైట్ లేదు, ఒకచోట మారాల్సిందే.

చూసి పెట్టుకున్నవి మూడు. మొదటిది ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి 11:05కి చేరేది, మధ్యలో 55 నిమిషాల లేఓవర్ (విమానం మారే వ్యవధి). రెండోది శనివారం సాయంత్రం బయల్దేరి రాత్రి 10:40కి చేరేది, ఆ రోజుకి అదే ఆఖరిది. మూడోది శనివారం పొద్దున 6కి బయల్దేరి మధ్యాహ్నం 12:50కి చేరేది.

ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. "షిప్ చెక్-ఇన్ మూసేది మూడింటికి. పదకొండుకే దిగితే నాలుగు గంటలు చేతిలో ఉంటాయి, మళ్లీ హోటల్ దండగ దేనికి?" అని ఒక పార్టీ. "ముందు రోజు దిగమంటారు కదా, రెండోది ముందు రోజే కదా, పిల్లల్ని తెల్లవారుజామున లేపక్కర్లేదు" అని ఇంకో పార్టీ. నాకు ధైర్యం చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు, ఇక్కడ కావాల్సింది లెక్క. ఎక్కడ ఎంత టైమ్ పోతుంది, ఏది తప్పితే ఏమవుతుంది, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నప్పుడు అదనంగా ఏం చూసుకోవాలి? తెలిసినవాళ్లు విడమర్చి చెప్పండి.

లంగరు:

మజిలీ గారూ, ఆ నాలుగు గంటలు కాగితం మీదే ఉన్నాయి. ఫ్లైట్ దిగే టైమ్ నుంచి ముందుకి కాదు, షిప్ కదిలే టైమ్ నుంచి వెనక్కి రావాలి.

4:30 అంటే తాళ్లు విప్పే టైమ్. చెక్-ఇన్ మూసేది కంపెనీని బట్టి 60 నుంచి 90 నిమిషాల ముందు, కొన్నింటిలో రెండు గంటల ముందు. మీ షిప్ బోర్డింగ్ పాస్ మీద ఏం రాసుందో అదే ఖాయం. బతిమాలితే తెరుచుకునే గేటు కాదది. అమెరికా నుంచి బయల్దేరే ఓడ తన ప్రయాణికుల తుది జాబితాని కదలడానికి కనీసం 60 నిమిషాల ముందే కస్టమ్స్ వాళ్లకి ఎలక్ట్రానిక్‌గా పంపి తీరాలి. జాబితా వెళ్లిపోయాక కౌంటర్లో ఉన్న మనిషికి జాలి ఉన్నా చేయగలిగింది లేదు. దానికితోడు మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రయాణికులందరికీ చూపించే కసరత్తు. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ ఒరిగిపోయిన దరిమిలా సోలాస్ (ఓడల భద్రత మీద అంతర్జాతీయ ఒప్పందం) నిబంధన బిగించారు. 2015 జనవరి 1 నుంచి ఆ డ్రిల్ ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో పూర్తవ్వాలి. ఓడని రేవు దాటించే పైలట్ ఎక్కే టైమ్, రేవు ఖాళీ చేసే టైమ్ కూడా ముందే ఖరారై ఉంటాయి. ఆరుగురి కోసం వీటిలో దేని టైమూ మార్చరు.

ఇప్పుడు మీ మొదటి ఫ్లైట్. అన్నీ సవ్యంగా జరిగిన రోజు ఇలా ఉంటుంది.

11:05కి విమానం గేటుకి ఆనుతుంది. వీల్‌ఛైర్ వాళ్లని అందరూ దిగాక ఆఖర్న దింపుతారు, కాబట్టి మీ గుంపు బయటపడేసరికి 11:30. ఓర్లాండోలో చాలా గేట్ల దగ్గర నుంచి ప్రధాన భవనానికి చిన్న రైలెక్కాలి. బాత్‌రూమ్, ఆ రైలు, బ్యాగుల బెల్టు, అన్నీ అయ్యేసరికి 12:15. ఆరుగురూ, ఆరు బ్యాగులూ, స్ట్రోలరూ, వీటన్నిటికీ బండి దొరికి, చైల్డ్ సీటు బిగించి కదిలేసరికి 12:45. పోర్టుకి 72 కిలోమీటర్లు, రోడ్డు ఖాళీగా ఉంటే 50 నిమిషాలు. ఆదివారం రెండు మూడు పెద్ద ఓడలు కలిసి కదిలే రోజు, టెర్మినల్ ముందు బండ్ల వరసతో కలిపి 2:00 అనుకోండి.

మూడింటికి గేటు. మిగిలింది ఒక్క గంట.

ఆ గంటని తినేసేది మీ 55 నిమిషాల లేఓవర్. రెండో విమానం తలుపు బయల్దేరే టైమ్‌కి 10-15 నిమిషాల ముందే మూస్తారు, అంటే అసలు ఉన్నది 40 నిమిషాలు. అందులో వీల్‌ఛైర్ దిగేసరికి 20 పోతాయి. మిగతా 20 నిమిషాల్లో మూడేళ్ల పిల్లాడితో ఒక కాంకోర్స్ (గేట్ల విభాగం) నుంచి ఇంకో కాంకోర్స్‌కి. మొదటి ఫ్లైట్ పావుగంట లేటైనా ఆ కనెక్షన్ పోయినట్టే. తర్వాతి విమానం మధ్యాహ్నం రెండున్నరకి దింపిందనుకోండి, మీరు ఎయిర్‌పోర్టులో బ్యాగుల దగ్గర ఉండగా పోర్టులో గేటు పడిపోతుంది.

కాబట్టి మొదటిది తీసేయండి. మిగతా రెండింటి గురించి టికెట్ల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. నా మాటైతే మూడోదే.

టికెట్ మాస్టారు:

లంగరు గారి లెక్కకి వంక లేదు. నేను "ముందు రోజు" అన్న మాట పట్టుకుంటాను, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే.

తేదీ కాదు, మీరు దిగాల్సిన టైమ్‌కీ గేటు మూసే టైమ్‌కీ మధ్య మిమ్మల్ని చేర్చగల వేరే ఫ్లైట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటికి 'కాపాడే ఫ్లైట్లు' అని పేరు పెడదాం. మీ రెండో ఆప్షన్‌కి అలాంటివి ఎన్ని? శనివారం రాత్రిది ఆఖరిది కాబట్టి ఆ రోజుకి సున్నా. మిగిలింది ఆదివారం తెల్లవారుజాముది ఒక్కటే. అంటే అది రద్దయితే మీరు నేరుగా మొదటి ఆప్షన్‌లోకి వచ్చి పడతారు, ఆ 55 నిమిషాల లేఓవర్‌తో సహా. మూడో దానికి శనివారం మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఆపైన ఆదివారం పొద్దున. అవి మీ రూట్‌లో నిజంగా ఎన్ని ఉన్నాయో ఎయిర్‌లైన్ సైట్‌లో అదే తేదీకి వెతికి, కాగితం మీద టైమ్‌లు రాసుకోండి. పది నిమిషాల పని.

సాయంత్రం ఫ్లైట్లు ఎక్కువగా చెడిపోవడానికి కారణముంది. పొద్దున మొదటి ఫ్లైట్ విమానం చాలావరకు రాత్రే వచ్చి అక్కడ నిలబడి ఉంటుంది. సాయంత్రానిది అప్పటికి మూడు నాలుగు ఊళ్లు తిరిగి, ప్రతి చోటా కాస్త కాస్త ఆలస్యం మోసుకొస్తుంది. రాత్రయ్యేసరికి సిబ్బంది డ్యూటీ గంటలు దాటిపోతాయి, ఇక విమానం ఉన్నా నడిపేవాళ్లుండరు. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములూ మెరుపులూ మామూలే. మెరుపు దగ్గర్లో పడుతుంటే గ్రౌండ్ సిబ్బందిని లోపలికి పిలిచేస్తారు, విమానం గేటు దాకా వచ్చినా దింపేవాళ్లుండరు. 12:50కి దిగేది ఆ ఉరుములు మొదలయ్యే వేళకి ముందే నేల మీద ఉంటుంది.

ఇక ఆరుగురి సంగతి. ఒంటరి మనిషికి తర్వాతి ఫ్లైట్లో ఒక సీటు దొరకడం కష్టం కాదు. ఆరు సీట్లు ఒకేచోట ఖాళీగా ఉండటం, అదీ సెలవుల్లో, అరుదు. అందుకే కుటుంబాలకి కాపాడే ఫ్లైట్ల లెక్క ఇంకా గట్టిగా చూడాలి. ఒక్క ఫ్లైట్ ఉంటే చాలదు, మూడైనా ఉండాలి. విడిపోయి వెళ్లాల్సి వస్తే ఎవరు ఎవరితో అన్నది ఇంట్లోనే తేల్చుకోండి. మీలో ఒకరు బాబుతో, ఇంకొకరు పాపతో, అత్తయ్య గారూ మామయ్య గారూ మీ ఇద్దరిలో ఎవరో ఒకరి జట్టులో. పాస్‌పోర్టులన్నీ ఒకే సంచీలో పెట్టకండి, ఏ జట్టువి ఆ జట్టు దగ్గర. కౌంటర్లో "మా బుకింగ్‌ని రెండుగా విడగొట్టండి" అని అడగాలి, పాతది రద్దు చేసి కొత్తది కొనకూడదు.

ఇంకో మూడు విషయాలు, ఇవి తెలియక నష్టపోయేవాళ్లే ఎక్కువ.

రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండాలి. చవగ్గా వచ్చిందని విడివిడిగా కొంటే, మొదటిది లేటైనందుకు రెండో కంపెనీకి ఏ పూచీ లేదు. వాళ్ల లెక్కలో మీరు రాని ప్రయాణికులు. పైగా మధ్యలో బ్యాగులు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి.

మొదటి అంచె వదిలేసి కారులోనో వేరే విమానంలోనో వెళ్లిపోదామనుకుంటే, ఎయిర్‌లైన్‌కి చెప్పకుండా ఆ పని చేయకండి. మొదటి ముక్క ఎక్కకపోతే టికెట్లో మిగతా ముక్కలన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, వాటంతటవే రద్దయిపోతాయి. వారం తర్వాత ఓడ దిగి వచ్చాక కౌంటర్లో తెలుస్తుంది.

ఆఖరిది: టికెట్ కొన్నాక టైమ్‌లు మారతాయి. మూడు నెలల ముందు 90 నిమిషాల లేఓవర్ అని కొన్నది, షెడ్యూలు సర్దుబాటులో 40 నిమిషాలై కూర్చుంటుంది. ఈమెయిల్ వస్తుంది, ఎవరూ చదవరు. నెలకోసారి బుకింగ్ తెరిచి చూడండి. అమెరికా వచ్చే, పోయే, లోపల తిరిగే ఫ్లైట్లకి బయల్దేరే టైమ్ దేశంలో మూడు గంటలు, అంతర్జాతీయంగా ఆరు గంటలు తొందరగా పెట్టినా, చేరే టైమ్ అంతే ఆలస్యం చేసినా, మీరు వద్దనుకుంటే డబ్బు వాపసివ్వాలి. అంతకన్నా తక్కువ మార్పైనా కనెక్షన్ కుదరడం లేదని ఫోన్ చేస్తే వేరే ఫ్లైట్‌కి మార్చడం మామూలే. కొన్న 24 గంటల్లోపు కూడా, ప్రయాణం ఏడు రోజులు లేదా అంతకన్నా దూరంలో ఉండి ఎయిర్‌లైన్ దగ్గరే కొని ఉంటే, పూర్తి వాపసు దొరుకుతుంది. ఈ గడువు బయటి సైట్లకి వర్తించదు, వాటి నియమాలు వాటివి.

మజిలీ:

ఇద్దరికీ చాలా థాంక్స్. కాపాడే ఫ్లైట్ల లెక్క చూపించగానే రెండో పార్టీ సగం మెత్తబడింది. మొదటి పార్టీ వాళ్లకి ఇంకా ఒక ఆశ ఉంది: "తప్పితే తప్పింది, షిప్ మర్నాడు ఆగే రేవుకి విమానంలో వెళ్లి ఎక్కేద్దాం. ఇన్సూరెన్స్ ఎలాగూ ఉంది." ఇది ఎంతవరకు నిజం?

రేవుకాడ:

కొంతవరకే నిజం, ఆ కొంత కూడా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకే.

అమెరికా పౌరులు అమెరికా రేవులో ఎక్కి అదే రేవులో దిగే క్రూజ్‌కి పాస్‌పోర్టు లేకుండా జనన ధృవపత్రం, ఫొటో ఐడీతో వెళ్లొచ్చు, 16 ఏళ్ల లోపు పిల్లలకి జనన ధృవపత్రం ఒక్కటే చాలు. చాలామంది అలాగే బయల్దేరతారు. కానీ మర్నాటి రేవు బహామాస్‌లో ఉందనుకోండి, అక్కడికి విమానం ఎక్కాలంటే మాత్రం పాస్‌పోర్టు పుస్తకమే కావాలి, పాస్‌పోర్టు కార్డు కూడా పనికిరాదు. ఆరుగురిలో ఒక్కరికి లేకపోయినా ఆ దారి మూసుకుపోయినట్టే. వేరే దేశం పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఆ రేవుకి విమానంలో దిగడానికి వీసా విడిగా కావాలేమో చూసుకోవాలి. ఓడలో వచ్చి పగలంతా తిరిగి వెళ్లేవాళ్లకి ఉండే సడలింపు విమానంలో దిగేవాళ్లకి ఉండకపోవచ్చు.

షిప్ మొదట ఆగే రేవు ఏదో కూడా చూడండి. నాసా అయితే విమానాలున్నాయి (బహామాస్ రాజధాని నాసా అండీ, రాకెట్లది కాదు). క్రూజ్ కంపెనీ సొంత దీవి అయితే అక్కడికి టికెట్ కొనుక్కుని దిగే విమానమే లేదు. రెండో రోజు నడిసముద్రంలో గడిపే క్రూజ్ అయితే ఓడని అందుకునేది మంగళవారమే.

అన్నిటికన్నా వింతైన అడ్డంకి 1886 నాటి చట్టం ఒకటి ఉంది, ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్. విదేశీ జెండా ఉన్న ఓడ (పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ అవే) ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న మనిషిని ఇంకో అమెరికా రేవులో దింపకూడదు, మధ్యలో 'దూరపు' విదేశీ రేవు తగిలితే తప్ప. సియాటిల్లో ఓడ తప్పిపోయి, అలాస్కాలోని జూనోకో కెచికన్‌కో విమానంలో వెళ్లి ఎక్కుదామనుకుంటారు. ఎక్కేది జూనో, దిగేది సియాటిల్, మధ్యలో తగిలే కెనడా రేవు విక్టోరియా ఈ చట్టం దృష్టిలో దూరపు రేవు కాదు. అందుకని ఎక్కనివ్వరు. మయామీలో తప్పినవాళ్లు కీ వెస్ట్‌లో ఎక్కబోయినా ఇదే కథ. మీ షిప్ మొదట విదేశీ రేవుకి వెళ్తుంటే ఈ చట్టం అడ్డం రాదు, అయినా కంపెనీ ముందుగా ఒప్పుకోవాలి. బోర్డింగ్ కాగితాల్లో ప్రయాణం రోజుకి ఎమర్జెన్సీ నంబరు ఉంటుంది. ఫ్లైట్ లేటని తెలిసిన నిమిషమే దానికి ఫోన్ చేయాలి, దిగాక కాదు.

ఇన్సూరెన్స్ డబ్బు ఇస్తుంది, ఓడని వెనక్కి తిప్పదు. పాలసీలో 'మిస్డ్ కనెక్షన్' అన్న పేరా తీసి నాలుగు విషయాలు చూడండి: ఎన్ని గంటల ఆలస్యమైతే వర్తిస్తుంది (చాలా పాలసీల్లో మూడు గంటలు, మీ కనెక్షన్ పోవడానికి పావుగంట చాలు), ఏ కారణాలు ఒప్పుకుంటారు, ఒక్కొక్కరికి పరిమితి ఎంత, ఫ్లైట్ దిగడానికీ షిప్‌కీ మధ్య కనీసం ఇంత వ్యవధి ఉండాలన్న షరతు ఉందా. ఆ షరతు ఉన్న పాలసీలో మీ మొదటి ఆప్షన్ మొదట్లోనే కొట్టుకుపోతుంది. ఆలస్యానికి కారణం రాసిచ్చిన కాగితం ఎయిర్‌లైన్ దగ్గర అక్కడికక్కడే అడిగి తీసుకోండి, రసీదులన్నీ దాచండి.

క్రూజ్ కంపెనీల ద్వారానే విమానం టికెట్లు కొనే పథకాలున్నాయి. రాయల్ కరీబియన్‌ది ఎయిర్2సీ, ప్రిన్సెస్‌ది ఈజెడ్ఎయిర్, అలాంటివి. ఫ్లైట్ ఆలస్యమైతే తర్వాతి రేవుకి చేర్చే పూచీ వాళ్లు తీసుకుంటారు. ఓడ ఆపుతామని కాదు. వాటిలో కూడా షిప్ రోజు ఫ్లైటే చూపిస్తే తీసుకోకండి, తేదీ ముందుకి జరుపుకునే వీలుంటుంది.

సంచీ సర్దుడు:

అందరూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు, బ్యాగుల మాటేమిటి? మీరు టైమ్‌కి చేరి, పెట్టెలు కనెక్షన్ ఊర్లో ఉండిపోవచ్చు. శనివారం మధ్యాహ్నం దిగితే తప్పిపోయిన బ్యాగు ఆ రాత్రికో మర్నాడు పొద్దునకో హోటల్‌కి వచ్చే అవకాశం బాగా ఉంటుంది. ఆదివారం దిగితే ఓడ వెనకాల రేవు రేవుకీ తిరగాలి.

బ్యాగు రాకపోతే ఎయిర్‌పోర్టు వదలకముందే బ్యాగేజీ కౌంటర్లో ఫిర్యాదు రాయించండి. దాన్ని పీఐఆర్ అంటారు. పది అక్షరాల నంబరిస్తారు: ఎయిర్‌పోర్టు కోడ్ మూడు అక్షరాలు, ఎయిర్‌లైన్ కోడ్ రెండు, ఆపైన ఐదంకెలు. చిరునామా దగ్గర ఇంటిది రాసేస్తారు అలవాటుగా, బ్యాగు బుద్ధిగా ఇంటికెళ్లి కూర్చుంటుంది. అక్కడ హోటల్ పేరు, షిప్ పేరు, కదిలే టైమ్, తర్వాతి రేవులు తేదీలతో రాయించాలి. అంతర్జాతీయ ప్రయాణమైతే మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. బ్యాగు ఆలస్యానికో, పోయినందుకో ఒక్కొక్కరికి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు (2024 డిసెంబర్ 28 నుంచి; ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకి వాడే యూనిట్). ఆలస్యంగా అందితే, అందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి.

సర్దేటప్పుడు ఒక్కొక్కరి బట్టలు ఒక్కో పెట్టెలో కాకుండా కలిపి సర్దండి. ఒక పెట్టె పోయినా ఎవరూ పూర్తిగా ఖాళీ చేతులతో మిగలరు. చేతిసంచీలో మందులు (పెద్దవాళ్లవి క్రూజ్ మొత్తానికి, పైన మూడు నాలుగు రోజులకి), కాగితాలు, రెండు జతల బట్టలు, బాబుకి రెండు రోజుల డైపర్లు, ఈత బట్టలు. ఓడ ఎక్కాక కూడా టెర్మినల్లో పోర్టర్‌కిచ్చిన పెట్టెలు గది ముందుకి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, పిల్లలేమో ఎక్కిన మరుక్షణం పూల్ దగ్గరుంటారు. చేతిసంచీని గేటు దగ్గర కిందికి పంపమంటే పవర్ బ్యాంకులూ మందులూ తీసి చేతిలో పెట్టుకోండి. షిప్ వాళ్ల కాగితపు ట్యాగులు ఇంట్లో తగిలించకండి, ఎయిర్‌పోర్టు బెల్టుల మీద చిరిగిపోతాయి. హోటల్లో ఆదివారం పొద్దున తగిలించాలి. స్టేప్లర్ మర్చిపోవద్దు, ఆ రోజు హోటల్ రిసెప్షన్‌లో దానికి క్యూ ఉంటుంది.

బండి విషయం. ఏడు సీట్ల వ్యాన్ అంటే ఆరుగురికి సరిపోతుందనుకుంటారు. మూడో వరస సీట్లు వేస్తే వెనక ఆరుగురి పెట్టెలూ పట్టకపోవచ్చు. పెద్ద వ్యాన్ ముందే మాట్లాడుకోండి, లేదా రెండు కార్లు. చైల్డ్ సీటు మీదే పట్టుకెళ్తే మంచిది, చాలా ఎయిర్‌లైన్లు స్ట్రోలర్, చైల్డ్ సీట్లని బ్యాగుల లెక్కలో వేయవు. వీల్‌ఛైర్ కనీసం 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కి, విడిగా క్రూజ్ కంపెనీకి కూడా చెప్పాలి. ఒకరికి చెప్తే ఇంకొకరికి తెలియదు.

ఒంటి సంచీ:

కాస్త ఎదురు చెప్తాను. షిప్ రోజే దిగడం ప్రతిసారీ తప్పు కాదు. నేరుగా వెళ్లే ఫ్లైట్, పొద్దున మొదటిది, దాని వెనక అదే ఉదయం ఇంకో రెండు, రేవు పక్కనే, చేతిసంచీ తప్ప లగేజీ లేదు, అయితే ఇద్దరు పెద్దవాళ్లు నిక్షేపంగా వెళ్లొచ్చు. ఫోర్ట్ లాడర్‌డేల్ ఎయిర్‌పోర్టూ పోర్ట్ ఎవర్‌గ్లేడ్సూ గోడకి గోడ అన్నట్టు ఉంటాయి. అన్ని చోట్లా ఒకే సూత్రం పట్టుకుని ఒక రాత్రి హోటల్ కట్టించడం అతిజాగ్రత్త.

టికెట్ మాస్టారు:

మీరు చెప్పిన షరతులన్నీ కలిస్తే సరే. మజిలీ గారి కేసులో వాటిలో ముఖ్యమైనవి లేవు. నేరుగా ఫ్లైట్ లేదు, రేవు 72 కిలోమీటర్లు, ఆరుగురు. ఇంకోటి, నవంబర్ నుంచి మార్చి దాకా కనెక్షన్ ఊరు మంచు పడే చోటైతే ఒక రోజు కూడా చాలదు, రెండు రోజులు పెట్టుకోవాలి. మంచు తుపాను వస్తే ఒక ఫ్లైట్ కాదు, రోజు మొత్తం ఫ్లైట్లు పోతాయి. కాపాడే ఫ్లైట్లని లెక్కపెట్టిందంతా ఒక్కసారిగా సున్నా అవుతుంది. కనెక్షన్ దక్షిణాన ఉండే ఊర్లో దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి.

రేవుకాడ:

ఈ చర్చ చదివేవాళ్లలో ఖండాలు దాటి వెళ్లేవాళ్లూ ఉంటారు కాబట్టి నాలుగు ముక్కలు. పోర్టు పేరు చూసి మోసపోకండి. 'రోమ్' అని అమ్మే క్రూజ్ ఎక్కేది చివిటవెక్కియాలో, ఫ్యుమిచినో ఎయిర్‌పోర్టు నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. 'లండన్' అన్నది సౌతాంప్టన్, హీత్రో నుంచి 100 కిలోమీటర్ల పైమాటే. బార్సిలోనా, వ్యాంకూవర్ మాత్రం నిజంగానే దగ్గర. వ్యాంకూవర్‌లో కెనడా లైన్ రైలెక్కితే వాటర్‌ఫ్రంట్ స్టేషన్లో దిగి నడిచి కెనడా ప్లేస్‌కి వెళ్లొచ్చు.

అంత దూరం నుంచి వచ్చేవాళ్లు రెండు రాత్రులు ముందు దిగాలి. ఒకటి విమానానికి, ఒకటి నిద్రకి. తేదీలు జాగ్రత్త: టికెట్ మీద శనివారం 00:25 అని ఉంటే ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సింది శుక్రవారం రాత్రి. చేరే టైమ్ పక్కన +1 ఉంటే మర్నాడని. ఈ రెండూ కలిసి పొరబడి ఒక రోజు మొత్తం పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. షెంజెన్ వీసాతో (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) వెళ్లేవాళ్లు వీసా మొదలయ్యే తేదీ క్రూజ్ తేదీ కాకుండా ముందుగా దిగే తేదీని కవర్ చేస్తుందో లేదో చూసుకోవాలి. ఓడ మధ్యలో టర్కీకో మాంటెనీగ్రోకో వెళ్లి తిరిగొచ్చేదైతే మల్టిపుల్ ఎంట్రీ కావాలి. 2025 అక్టోబర్ 12 నుంచి షెంజెన్ దేశాల సరిహద్దుల్లో వేలిముద్రలూ ఫొటో తీసే కొత్త పద్ధతి మొదలైంది, మొదటిసారి వెళ్లేవాళ్లకి క్యూ పొడుగు. ఇటలీలో విమాన సమ్మెలు ముందే ప్రకటిస్తారు, సమ్మె రోజైనా 7 నుంచి 10, 18 నుంచి 21 గంటల మధ్య ఫ్లైట్లు నడిపి తీరాలన్నది అక్కడి నియమం. టికెట్ ఆ వేళల్లో పడేలా కొంటే ఒక బెడద తగ్గుతుంది.

మజిలీ:

మూడోది బుక్ చేశాను, ఒకే టికెట్ మీద, లేఓవర్ గంటా నలభై నిమిషాలు. దాని వెనక శనివారం ఇంకా మూడు ఫ్లైట్లు ఉన్నాయి. ఒక్క సందేహం మిగిలింది: శనివారం రాత్రి హోటల్ ఎయిర్‌పోర్టు దగ్గరా, పోర్టు దగ్గరా?

లంగరు:

పోర్టు దగ్గరే. 72 కిలోమీటర్లు శనివారం మధ్యాహ్నమే దాటేస్తే ఆదివారం రోడ్డు మీద ఏమైనా మీకు సంబంధం ఉండదు. ఎయిర్‌పోర్టు దగ్గర ఉండటం రాత్రి పొద్దుపోయి దిగేవాళ్లకే. ఫోన్ చేసి రెండు గదులకి మధ్యలో తలుపు ఉందా అని అడగండి, 'పక్కపక్క గదులు' అంటే తలుపు ఉన్నట్టు కాదు. పోర్టు షటిల్ ఉంటే గది బుక్ చేసిన రోజే ఆరు సీట్లూ, టైమూ రాయించండి. షిప్ ఎక్కే రోజు పొద్దున అడిగితే పదిన్నర బండి నిండిపోయి ఒంటిగంటది ఇస్తారు, గదులేమో పదకొండుకే ఖాళీ చేయమంటారు. షిప్ వాళ్ల ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరిచిన రోజే 11:30 లేదా 12:00 స్లాట్ పట్టుకుని, షటిల్ దానికి అరగంట ముందుది చెప్పండి.